విషం నేర్పిన వైద్యం

చంకల్లో విపరీతంగా చెమట పట్టడం అశుభ్రత కాదు. స్వేద గ్రంథులను నాడులు అతిగా ప్రేరేపించడమే కారణం. దుర్వాసన మాత్రం అక్కడి స్రావాలను విచ్ఛిన్నం చేసే బాక్టీరియా పని.

దీనికొక మందు విషం నుంచి పుట్టింది. 1820లలో జర్మన్ వైద్యుడు జస్టినస్ కెర్నర్, పాడైన సాసేజ్ మాంసం తిని జబ్బుపడినవారిని పరీక్షించాడు. కండరాలు చచ్చుబడటంతోపాటు కన్నీరు, లాలాజలం, చెమట ఆరిపోవడం గమనించాడు. ఈ విషమే స్వల్ప మోతాదులో మందు కావచ్చునని ఊహించాడు.

అదే బొట్యులినమ్ విషం. నాడుల చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలను అడ్డుకుంటుంది. గ్రంథికి ఆజ్ఞ అందదు. 2004లో అమెరికా దీన్ని తీవ్రమైన చంక చెమటకు అనుమతించింది. ప్రభావం కొన్ని నెలలే.

అయితే మొదట వాడిచూసేది నేటికీ అల్యూమినియం క్లోరైడ్ పూతే. కనుక సిగ్గుపడి దాచుకోకండి, వైద్యుణ్ణి అడగండి.