పునరావాసానికి చిరునామా ఎక్కడ? రాజేంద్రనగర్ ఆధారంగా ఒక పరిశీలన

స్కిజోఫ్రీనియా, తీవ్రమైన బైపోలార్ రుగ్మత ఉన్నవారికి మందులు పనిచేయడం మొదలయ్యాక చెవిలో గొంతులు తగ్గుతాయి, అనుమానాలు సడలుతాయి, నిద్ర పడుతుంది. జబ్బు నయమైందని చాలా కుటుంబాలు ఊపిరి పీల్చుకునేది అప్పుడే. అసలు కష్టం ఆ తర్వాత బయటపడుతుంది. మనిషి స్నానానికి లేవడు, పలకరిస్తే ఒక్క మాటతో సరిపెడతాడు, పది నిమిషాలు ఒక పని మీద కుదురుగా ఉండలేడు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. వైద్యులు దాన్ని జబ్బులో భాగంగానే చూస్తారు. ముఖ్యంగా స్కిజోఫ్రీనియాలో ఈ లక్షణాలను మాత్రలు పెద్దగా కదిలించలేవు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచి చేసే పునరావాసం అవసరమయ్యేది ఇక్కడే. అక్కడ ఏం నేర్పుతారన్నది ఎంత ముఖ్యమో, ఆ కేంద్రం ఎక్కడ ఉంది, దాని తలుపు ఎటు తెరుచుకుంటుంది అన్నదీ అంతే ముఖ్యమని నా వాదన.

ఈ అవసరం చిన్నదేమీ కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, ఆ సమయానికి తీవ్ర మానసిక రుగ్మతలున్న పెద్దలు 0.8 శాతం. వారిలో నూటికి 70 మందికి పైగా చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు.

పునరావాసంలో కాలం ఎలా గడుస్తుందన్నదానిపై ఇప్పటికీ చదవదగిన పరిశోధన జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ 1970లో ప్రచురించినది. ఇంగ్లండ్‌లోని మూడు మానసిక ఆసుపత్రుల్లో ఏళ్లుగా ఉండిపోయిన స్త్రీలను వారు గమనించారు. ఏ పనీ లేకుండా గడిచే గంటలు ఎక్కువైన చోట రోగులు మరింత ముడుచుకుపోయారు. ఆ గంటలు తగ్గిన కొద్దీ తేరుకున్నారు. అంటే రోగి మౌనంలో కొంత జబ్బుదైతే, కొంత వార్డుది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర ఆసుపత్రి అనుభవం దీనికి తోడు. ఇక బాగుపడరనుకున్న 269 మందికి అక్కడ 1950లలో పునరావాసం కల్పించి, ఊళ్లో నివాసం, పని చూపించారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత సగం నుంచి మూడింట రెండు వంతుల మంది గణనీయంగా మెరుగయ్యారని కోర్ట్నే హార్డింగ్ బృందం 1987లో తేల్చింది. ఈ ఫలితం వార్డులో ముగిసిన చికిత్సది కాదు.

ఇక మన చోటుకు, హైదరాబాద్ అంచున ఉన్న రాజేంద్రనగర్‌కు వద్దాం. నగరం అంచున స్థలం చవక, సందడి తక్కువ, అభ్యంతరం చెప్పే పొరుగువారూ తక్కువే. కేంద్రం పెట్టేవారికి ఇవన్నీ అనుకూలాలు. రోగికి మాత్రం ఆ ప్రశాంతతే అడ్డు కావచ్చు. ప్రహరీ లోపల తోటపనిలో కుదురుకున్న మనిషి మెహదీపట్నంలో కిక్కిరిసిన బస్సు ఎక్కలేకపోతే, నేర్చుకున్నది లోపలే ఉండిపోయినట్టు. చిల్లర లెక్కపెట్టడం కిరాణా కొట్టులోనే రావాలి, బస్సెక్కడం బస్టాపులోనే రావాలి.

రాజేంద్రనగర్‌కు ఈ విషయంలో అరుదైన వసతులున్నాయి. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం, నేడు ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో, ఇక్కడే ఉంది. జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలోని గ్రామీణ సాంకేతిక పార్కు చిన్న చిన్న జీవనోపాధుల్లో శిక్షణనిస్తోంది. అత్తాపూర్ కాలనీలు, ఆరాంఘర్ చౌరస్తా, బుద్వేల్ రైల్వే స్టేషన్ అందుబాటులోనే ఉన్నాయి. ఇక్కడి ఏ పునరావాస కేంద్రమైనా లోపల కాగితపు కవర్లు చేయించడం కన్నా, కోలుకుంటున్నవారిని ఈ శిక్షణల్లో మామూలు అభ్యర్థులుగా కూర్చోబెట్టడం మేలు. తోడుగా ఒక సోషల్ వర్కర్ వెళ్తే చాలు.

పనిపై చట్టం స్పష్టంగా ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం కేంద్రంలో ఎవరితోనూ బలవంతంగా పని చేయించకూడదు. చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. చికిత్స పేరుతో ఉచితంగా వంటింటి చాకిరీ చేయించడం దీనికి విరుద్ధం. సంకెళ్లు పూర్తిగా నిషిద్ధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయాక గానీ మానసిక రోగులను ఉంచే ఇలాంటి గృహాల వైపు దేశం చూడలేదు. ఆ తలంపు నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

అదే చట్టంలోని 19వ సెక్షన్ నాకు అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వరనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. ఆసుపత్రికీ ఇంటికీ నడుమ హాఫ్‌వే హోమ్‌ల వంటివి ప్రభుత్వాలే కల్పించాలి. 2017 జూలైలో గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు కూడా కోలుకున్నవారి పునరావాసంపై రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. అక్కడి మానసిక ఆసుపత్రిని ఉద్దేశించి ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న మాట ఎగతాళిగా చెలామణి అయ్యే నగరంలో, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి అద్దెకు గది దొరకడమే గగనం. ఈ నడిమి మజిలీ లేకపోతే డిశ్చార్జి కాగితం మళ్లీ అడ్మిషన్‌కే దారితీస్తుంది.

కుటుంబాన్ని చివరి రోజున పిలిచి సంతకం పెట్టించుకుంటే చాలదు. చేరిన వారం నుంచే అమ్మానాన్నలకు జబ్బు తిరగబెట్టే సూచనలు చెప్పాలి. చట్టం అనుమతించే సెలవు మీద రోగిని రెండు మూడు రోజులు ఇంటికి పంపి, అక్కడ ఎదురైన చిక్కులను తిరిగొచ్చాక సరిదిద్దాలి. వైకల్య ధ్రువపత్రం పని కేంద్రంలో ఉండగానే పూర్తి కావాలి. పునరావాస గృహాలను నమోదు చేసే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ తనిఖీల్లో మంచాలు, మరుగుదొడ్లతో పాటు మరో ప్రశ్న అడగాలి: ఇక్కడి నుంచి వెళ్లినవారు ఏడాది తర్వాత ఎక్కడ ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు?