చిత్రపు పోస్టుకార్డులు (ఆంధ్రదేశము)

ఒక ముఖమున పట్టణమో, దేవాలయమో, వంతెనయో ముద్రితమై, రెండవ ముఖమున చిరునామాకును క్షేమసమాచారమునకును చోటు గల తపాలాపత్రమునకు చిత్రపు పోస్టుకార్డని పేరు. కవరుతో పనిలేని ఈ జాబు 1869 అక్టోబరు 1వ తేదీన ఆస్ట్రియాలో పుట్టి, 1879 జూలై 1వ తేదీన పావు అణా వెలకు భారతదేశమున ప్రవేశించెను. బొమ్మ దానిపై నెక్కుటకు మఱికొంత కాలము పట్టినది. 1902లో బ్రిటను తపాలావారు చిరునామా వైపును రెండుగా విభజించుటకు అనుమతి నొసగిన పిదప, అంతవఱకు చిత్రము ప్రక్కన ఇఱుకుకొనిన నాలుగు మాటలకు వేఱు తావు దొరకి, బొమ్మయే ఒక ముఖమంతయు నాక్రమించెను.

దక్షిణమున వీనిని మద్రాసునందలి హిగ్గిన్‌బాథమ్స్, స్పెన్సర్ మొదలగు సంస్థలు ప్రకటించినవి. ఆ కాలపు కార్డులలో పెక్కు జర్మనీలో అచ్చయినవి. నలుపు తెలుపు ఛాయాచిత్రములకు రంగు లద్దిన అచటి పనివారు మన నదులను చూచినవారు కారు గావున, వఱదకాలమున ఎఱ్ఱనీటితో పొంగు గోదావరి వారి చేతిలో నీలమైనను ఆశ్చర్యపడ నక్కఱలేదు. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్టయు, 1900లో రాజమహేంద్రవరమున 56 ఖానాలతో తెఱవబడిన రైలువంతెనయు తెల్లదొరల గర్వమునకు ఆలంబనములగుటచే, ఆంధ్రదేశపు నదీతీరములలో కెమేరా మొదట అటువంటివానివైపే తిరిగినది. స్నానఘట్టములును పుష్కర జనసమ్మర్దమును వానికి వెనుకనే నిలిచినవి.

మెట్టసీమ కథ వేఱు. మదనపల్లెను ఒరసి పాఱు బాహుదానది ఏడాదిలో చాలభాగము ఇసుకయే. రైలు స్టేషను ఊరికి దూరమున నుండెను. పుంగనూరునకు రైలే లేదు. కుప్పము మాత్రము బెంగుళూరు మార్గమున నుండెను. అయినను చిత్రమునకు యోగ్యములైన తావులకు ఇచట కొఱత లేదు: కడప కలెక్టరు హార్స్లీ వేసవి విడిదిగా నేర్పఱచుకొనిన ఏనుగు మల్లమ్మకొండ, గుఱ్ఱంకొండ దుర్గము, పుంగనూరు జమీందారుల భవనము, 1915లో అనీబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల. 1912లో ప్రారంభమై 1915లో ఆరోగ్యవరమున స్థిరపడిన క్షయ చికిత్సాలయమున నెలల తరబడి శయ్య నంటియుండిన రోగికి ఆనాడు కార్డు కేవలము వినోదవస్తువు కాదు. ఇంటితో గల సంబంధ మంతయు నదియే.

పెద్దమండ్యము వంటి పల్లెలకు బొమ్మకార్డుకంటె సర్కారువారి వట్టికార్డే ఆప్తమై యుండెను. 'ఉభయకుశలోపరి' అని యారంభించి వానలు, పంటలు, సంబంధముల ముచ్చటలతో అంచులవఱకు నిండు నా కార్డు శుభవార్త యైనచో నాలుగు మూలల పసుపు పూసికొని వచ్చెడిది. చావుకబురైనచో చదివినంతనే చింపివేసెడివారు. ఈ యాచారమువలన నష్టమైన చరిత్ర కొంచెము కాదని చెప్పవలసియున్నది.

1914 యుద్ధముతో జర్మనీ అచ్చు నిలిచిపోయెను. 1922లో దేశీయపు కార్డు వెల అర్ధణా కెక్కెను. చేతికెమేరాలును పత్రికలలోని ఛాయాచిత్రములును సులభమగుటతో బొమ్మకార్డు నానాటికి తీర్థయాత్రికుల అంగళ్లకు పరిమితమాయెను.