బండి చక్రము – కందెన

చక్రమును కడిగి మెరుగు పెట్టుట నేడు కారు గలవారి ఆదివారపు వేడుకవలె కనిపించును. మన సీమలో ఒకప్పుడది బ్రతుకుతెరువునకు సంబంధించిన పని.

ఏలూరు చెంతనున్న వట్లూరు నుండి కొల్లేటి దిక్కునకు పోయినకొలది నేల నల్లని జిగటమన్ను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు సాగి, మాగాణి పెరిగినది. కాలువలలో పడవలు తిరిగినవి. 1890 దశకమున రైలు వచ్చినది. అయినను కళ్లము నుండి రేవు దాక, స్టేషను దాక ధాన్యమును మోయవలసినది రెండెడ్ల బండియే.

ఆ బండి చక్రమును ఒకసారి తలచుకొందము. నడుమ కుండ, దానినుండి వెడలు ఆకులు, ఆకుల కొసలను కలుపు పూటీలు, పైని ఇనుప పట్టా. కుండలో దూరినది ఇరుసు. ఇరుసు కొసను శీల. అది చిన్నదే గాని, ఊడినచో చక్రమే ఊడును. ఇరుసు కుండలో ఒరయుచోట కందెన ఉండవలెను. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి దీనిని చేసెడివారు. బండి క్రింద వెదురుగొట్టములో అది సదా వ్రేలాడుచుండెడిది.

కందెన పెట్టుటకంటె ముందు పని తుడుచుట. పాత కందెనలో ఇసుక చేరినచో అది ఆకురాయివలె కుండను అరగదీయును. అందుచేత శీల తీసి, చక్రమును వెలికి జరిపి, పాతదానిని గడ్డితో శుభ్రముగా తుడిచి క్రొత్తది రాచెడివారు. తుడువక పూసినవాని బండి కీచుమనకపోవచ్చును; లోలోపల అరుగుట మాత్రము ఆగదు. నూర్పుల నడుమ కుండ పగిలినచో, వడ్రంగి దానిని బాగుచేయువరకు ధాన్యము కళ్లముననే నిలిచిపోవును. ఒక్క వాన వచ్చిన ఏడాది కష్టము తడిసిపోవును.

మన ఆముదము సామాన్యమైనది కాదు. 1914–18 యుద్ధకాలమున ఎన్నో విమానముల తిరుగుడు యంత్రములకు ఆముదమే కందెన. అది పెట్రోలులో సులభముగా కరగదు. 1909లో ఇంగ్లండున వెలసిన కాస్ట్రాల్ అను పేరు ఆముదపు ఆంగ్లనామమునుండి పుట్టినదే.

1888లో డన్లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. ఇరుసు వద్ద బేరింగులు వచ్చి, కందెన లోపలనే మూతపడినది. నాడు లోపల తుడిచిన మనము నేడు వెలుపల తుడుచుచున్నాము. కారు చక్రమునకు బురదతోపాటు బ్రేకులనుండి రాలు ఇనుపపొడియు పట్టును. చక్రము చల్లారిన పిదప, నీడపట్టున సబ్బునీటితో కడిగి, బాగుగా ఆరనిచ్చి, మైనమును పలుచగా రాచి మెత్తని గుడ్డతో తుడువవలెను. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీసిన మైనము ఇందుకు పేరుపొందినది. బ్రేకుపళ్లెమునకు మాత్రము మైనము అంటరాదు. అంటినచో బ్రేకు పట్టు తప్పును. మురికిమీద మైనము రుద్దినచో ఇసుక గీతలు పడును.

మొదట తుడుపు, పిదప పూత: వట్లూరు బండివానికిని, నేటి కారువానికిని సూత్రమొక్కటే. కందెన గొట్టము మన పెరళ్లనుండి మాయమైనది. కుండ, పూటీ, శీల అను మాటలైన మాయము కాకుండ, ఇంటి పెద్దలనడిగి పిల్లలకు చెప్పుదము.