మసకవెలుతురు వేటలో రైఫిల్ స్కోపు, రెటికిల్

తెల్లవారకముందు, పొద్దుగూకిన తరవాత, వెన్నెల రాత్రుల్లో గురిపెట్టడానికి వీలుగా రైఫిల్ మీద బిగించే దూరదర్శిని మసకవెలుతురు స్కోపు. దాని లోపల కనిపించే నల్లని గురిగీతల అమరిక రెటికిల్. ఈ రెండూ ప్రధానంగా జర్మనీ, ఆస్ట్రియా అడవుల్లో ఎదిగాయి. అమెరికాలో స్కోపు వేరే దారి పట్టింది. ఈ తేడాకు కటకాల శాస్త్రం కంటే వేట చట్టాలే పెద్ద కారణం. ఎంత చీకటి పడేదాకా తుపాకీ పేల్చనిస్తారో, ఆ చీకటికి తగిన స్కోపే ఆ దేశంలో తయారైంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వేటను దాదాపు పూర్తిగా నిషేధించాయి. అందుకే ఈ చరిత్రలో మన ప్రాంతాల ప్రస్తావన లేదు.

తొలి స్కోపులు

దూరదర్శినిలో గురిగీత పెట్టుకున్న తొలివాళ్లు ఆకాశాన్ని పరిశీలించినవారు. 1640 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్, దూరదర్శిని నాభి తలంలో ఉన్న సాలెపోగు దూరపు వస్తువుతోపాటు స్పష్టంగా కనబడటం గమనించి దాన్ని కొలతలకు వాడుకున్నాడు. ఆ ఏర్పాటు రైఫిల్ మీదికి రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 1840ల్లో అమెరికాలో జాన్ చాప్‌మన్ వివరించిన, మోర్గన్ జేమ్స్ తయారుచేసిన స్కోపులు పొడుగాటి సన్నని గొట్టాలు. 1855లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో విలియం మాల్కమ్ మెరుగైన కటకాలతో తయారీ మొదలుపెట్టాడు. ఇవన్నీ పట్టపగటి గురికి పనికొచ్చినవే. ఆ చిన్న కటకాల గుండా మునిమాపువేళ చూస్తే ఏమీ ఆనేది కాదు.

1880లో ఆస్ట్రియాకు చెందిన అటవీ అధికారి ఆగస్ట్ ఫీడ్లర్ వేటకు నిజంగా పనికొచ్చే స్కోపు చేశాడు. అడవిలో రోజూ తిరిగే మనిషి చేతిలో అది రూపుదిద్దుకోవడం గమనించదగ్గది. 1898లో కార్ల్ కాలెస్ వియన్నాలో స్కోపుల కర్మాగారం పెట్టాడు. 1904లో జర్మనీలోని యేనా నగరానికి చెందిన కటకాల సంస్థ జైస్ కూడా ఈ రంగంలోకి వచ్చింది.

మంచె మీద వేట

మధ్య యూరప్ వేటగాడు జంతువు వెంటపడడు. అడవి అంచునో మొక్కజొన్న చేను పక్కనో కట్టిన మంచె ఎక్కి, అది మేతకు వచ్చేదాకా కూర్చుంటాడు. రో అనే జాతి జింక సందెవేళ వస్తుంది. అడవిపంది తరచు బాగా చీకటి పడ్డాకే బయటికొస్తుంది. జర్మనీ సమాఖ్య వేట చట్టం గిట్టల జంతువులను రాత్రిపూట చంపకూడదంటుంది. సూర్యాస్తమయమైన గంటన్నర తరవాత మొదలై, సూర్యోదయానికి గంటన్నర ముందు ముగిసేదే ఆ చట్టం లెక్కలో రాత్రి. అడవిపందికి మాత్రం ఈ నిషేధం వర్తించదు. అదే చట్టం, పిల్లలు సొంతంగా బతకగలిగేదాకా వాటిని సాకే తల్లిని చంపనివ్వదు. దాంతో వెన్నెల్లో ఎదుట నిలిచిన నల్లని ఆకారం ఒంటరి మగపందా, గడ్డిలో పిల్లలను వెంటేసుకున్న తల్లా అన్నది ట్రిగ్గర్ మీద వేలు పెట్టకముందే తేలాలి. మసకవెలుతురు స్కోపు తొలి పని ఈ గుర్తింపే. గురి ఆ తరవాతి సంగతి.

కటకం, కనుపాప లెక్క

స్కోపును చేయి చాచి దూరంగా పట్టుకుని నేత్రకటకం వైపు చూస్తే చిన్న వెలుగుబిళ్ల కనిపిస్తుంది. ముందున్న వస్తుకటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే ఆ బిళ్ల వ్యాసం వస్తుంది. చీకట్లో యువకుల కనుపాప సుమారు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. 56 మిల్లీమీటర్ల కటకం, 8 రెట్ల ఆవర్ధనం ఉన్న స్కోపు సరిగ్గా 7 మిల్లీమీటర్ల బిళ్లనే ఇస్తుంది. 8×56 అనే కొలత జర్మన్ మంచె వేటకు గుర్తుగా నిలిచిపోయింది ఇందుకే. వయసు మీరేకొద్దీ కనుపాప అంతగా విచ్చుకోదు. యాభై దాటినవారిలో చాలామందికి 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వారికి 56 కటకం పోగేసే వెలుగులో కొంత కంటి లోపలికి చేరదు. అంత బరువు మోయడం కంటే చిన్న కటకం ఉన్న తేలిక స్కోపు నయమని చెప్పవచ్చు. అయితే 56 కటకం ఇచ్చే ఒక సౌలభ్యం మాత్రం పోదు. వెలుగుబిళ్ల పెద్దదైతే కన్ను కాస్త పక్కకు జరిగినా దృశ్యం నల్లబడదు.

తయారీదారులు చెప్పే సంధ్యాంకం ఇంకో లెక్క. ఆవర్ధనాన్ని కటకం వ్యాసంతో గుణించి వర్గమూలం తీస్తారు. 8×56కు అది 21.2, 7×50కు 18.7. ఈ అంకెను ఒంటరిగా నమ్మడం ప్రమాదం. 20×20 స్కోపుకు 20 వస్తుంది. కాగితం మీద అది 7×50ను మించినట్టే. కానీ దాని వెలుగుబిళ్ల ఒక్క మిల్లీమీటరే కాబట్టి చీకట్లో అది నిరుపయోగం. గాజు నాణ్యత గురించి ఈ లెక్క అసలేమీ చెప్పదు.

పూత తెచ్చిన మార్పు

పూతలేని గాజు ఉపరితలం తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. పది ఉపరితలాలున్న స్కోపులో మూడోవంతు వెలుగు ఇలాగే పోతుంది. పోయిన వెలుగులో కొంత గొట్టంలో అటూ ఇటూ తిరిగి దృశ్యం మీద పాలపొరలా పరుచుకుంటుంది. వేటగాడికి ఇది మరింత నష్టం. ముదురు పొదకూ ముదురు చర్మానికీ మధ్య తేడాను ఆ పొర చెరిపేస్తుంది. 1935లో జైస్ సంస్థలో పనిచేస్తున్న ఉక్రెయిన్ భౌతిక శాస్త్రజ్ఞుడు ఒలెక్సాండర్ స్మాకులా, గాజు మీద అతి పలుచని పూత పూసి పరావర్తనాన్ని తగ్గించే పద్ధతికి పేటెంటు పొందాడు. జర్మన్ సైన్యం దాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో రహస్యంగా ఉంచింది. యుద్ధం ముగిశాక అది వేట స్కోపులకు చేరింది. తరవాత ఒకదాని మీద ఒకటిగా పలు పూతలు పూసే పద్ధతి వచ్చి, మేలిరకం స్కోపులు పడిన వెలుగులో 90 శాతానికి పైగా కంటికి చేర్చగలుగుతున్నాయి. 1935కు ముందటి పెద్ద కటకం కంటే నేటి మధ్యరకం కటకం చీకట్లో బాగా చూపడానికి ఇదే కారణం.

రెటికిల్

దృశ్యం ఎంత వెలుగ్గా ఉన్నా గురిగీత కనబడకపోతే స్కోపు వ్యర్థం. వెలుగు తగ్గాక కంటిలో శంకు కణాల పని మందగించి దండ కణాలు ముందుకొస్తాయి. అవి కొద్దిపాటి వెలుగునూ పసిగడతాయి గాని సన్నని వివరాన్ని పట్టలేవు. పగలు పదునుగా కనిపించిన వెంట్రుకంత అడ్డగీత మునిమాపుకు మాయమయ్యేది అందుకే. జర్మన్ తయారీదారులు రెటికిళ్లకు అంకెలిచ్చారు. ఒకటో నంబరులో కింది నుంచి మొనదేలిన లావు స్తంభం, రెండు పక్కలా రెండు లావు పట్టీలు ఉంటాయి. మొన తాకినచోటే గురి. చాలా స్కోపుల్లో పక్క పట్టీల మధ్య ఎడం 100 మీటర్ల దూరంలో 70 సెంటీమీటర్లకు సరిపోతుంది. ఇది సుమారుగా రో జింక ఒంటి పొడవు. దాంతో దూరం అంచనాకూ పనికొచ్చింది. దీని లోపం పంది మీద బయటపడుతుంది. నల్లని మొన నల్లని దేహంలో కలిసిపోతుంది, స్తంభం జంతువు కింది సగాన్ని కప్పేస్తుంది.

నాలుగో నంబరు ఈ చిక్కును తీర్చింది. ఎడమ, కుడి, కింద మూడు లావు పట్టీలు మధ్యదాకా రాకుండా ఆగిపోతాయి. మధ్యలో సన్నని అడ్డగీత ఉంటుంది. ఎనభై మీటర్ల దూరంలో మంచు పట్టిన గడ్డి మీద పంది నిలబడిందనుకుందాం. సన్నగీత దాని దేహంలో కలిసిపోయినా, పట్టీల కొసలు లేతరంగు గడ్డి మీద నల్లగా కనబడతాయి. ఆ మూడు కొసల నడుమకు భుజం వెనకభాగాన్ని తెచ్చుకుంటే, కంటికి కనబడని మధ్యబిందువును మెదడే పూరించుకుంటుంది. విద్యుత్తు అవసరం లేని మసకవెలుతురు రెటికిళ్లలో ఇంతకంటే తెలివైనది రాలేదనే చెప్పాలి.

అమెరికా దారి

అమెరికాలో చాలా రాష్ట్రాలు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయమైన అరగంట వరకే జింకల వేటను అనుమతిస్తాయి. అక్కడి వేటగాడికి కావలసింది కొండలెక్కడానికి తేలికైన, చవకైన స్కోపు. 1930లో బిల్ వీవర్ తెచ్చిన 330 మోడల్ ఆ కోరిక తీర్చింది. ఒరెగాన్‌లోని లూపోల్డ్ సంస్థ 1947లో గొట్టంలో నైట్రోజన్ నింపి లోపల తేమ పట్టని స్కోపు తెచ్చింది. 1962లో అదే సంస్థ డ్యూప్లెక్స్ రెటికిల్‌ను పరిచయం చేసింది. నాలుగు వైపుల నుంచి లావుగా వచ్చి మధ్యలో సన్నబడే ఈ గీతలు జర్మన్ నాలుగో నంబరుకు దగ్గరి చుట్టాలే గాని, లావు భాగం అంత లావుగా ఉండదు. చట్టం అనుమతించే అరగంటకు అది సరిపోతుంది. అర్ధరాత్రి వెన్నెలకు చాలదు.

రెటికిల్ ఉండే చోటు విషయంలోనూ ఈ తేడా కనిపించింది. యూరప్ వారు దాన్ని ఆవర్ధనం మార్చే కటకాలకు ముందుండే మొదటి నాభి తలంలో పెట్టారు. ఆవర్ధనం పెంచితే గీతలూ లావవుతాయి, కొలత మారదు. అమెరికన్లు ఆ కటకాల వెనకుండే రెండో తలాన్ని ఎంచుకున్నారు. ఆవర్ధనం ఎంత పెంచినా గీతలు సన్నగానే ఉంటాయి. యూరప్ తయారీదారులు చాలామంది 2000 తరవాత రెండో తలానికి మళ్లారు. మధ్యలో వెలిగే ఎర్రచుక్క వచ్చాక లావు పట్టీల మీద ఆధారపడే అవసరం తగ్గడమే దీనికి కారణం. దండ కణాలు ఎరుపుకు పెద్దగా స్పందించవు కాబట్టి ఆ రంగు చీకటికి అలవాటుపడిన కంటిని తక్కువ చెడగొడుతుంది. అయినా చుక్కను కనిపించీ కనిపించనంత మసకగా తగ్గించుకోగలగాలి. కాంతి ఎక్కువైతే దాని చుట్టూ ఉన్న జంతువే కనబడకుండా పోతుంది.

రాత్రిదృష్టి పరికరాలు

2020లో జర్మనీ ఆయుధ చట్టాన్ని సవరించి, లైసెన్సున్న వేటగాళ్లు స్కోపుకు ముందు రాత్రిదృష్టి పరికరం బిగించుకోవడానికి వీలు కల్పించింది. వాడకం మీద రాష్ట్రాల వేట నిబంధనలు వర్తిస్తూనే ఉన్నాయి. పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వ్యాధి భయంతో అడవిపందుల సంఖ్య తగ్గించాలన్న ఒత్తిడి అప్పటికే ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రాండెన్‌బర్గ్‌లో చనిపోయిన అడవిపందిలో ఆ వ్యాధి బయటపడింది. రాత్రిదృష్టి పరికరం వెనక ఉన్న స్కోపు చూసేది అడవిని కాదు, ఒక చిన్న తెరను. ఆవర్ధనం పెంచితే తెరమీది చుక్కలే పెద్దవవుతాయి. 56 కటకం పోగేసే అదనపు వెలుగుతో పనిలేదు. వెలిగే తెర మీద సన్నని నల్లగీత కూడా చక్కగా కనబడుతుంది. దాంతో మంచె వేటగాళ్లలోనూ కొందరు తక్కువ ఆవర్ధనం, చిన్న కటకం, సన్నని రెటికిల్ ఉన్న స్కోపులను ఎంచుకుంటున్నారు.