తిమింగల సొరతో స్కూబా డైవింగ్

తిమింగల సొర (వేల్ షార్క్) తిమింగలం కాదు, చేపలన్నిటిలోకీ పెద్దది. నమోదైనవాటిలో అతి పొడవైనది 18.8 మీటర్లు. అంత దేహం ఉన్నా తినేది పాచిజీవులు, చేపగుడ్లు, చిన్న చేపలే. నోట్లో వందల వరసల పళ్లున్నా అవి కొరకడానికి పనికిరావు. డైవర్‌కు ప్రమాదం ఉందంటే అది తోక దెబ్బతోనే.

స్కూబా డైవర్లు దీన్ని చూడటానికి పేరుపడ్డ చోటు గాలపాగోస్‌లోని డార్విన్ దీవి. జూన్ నుంచి నవంబర్ దాకా ఇక్కడికి వచ్చేవి చాలావరకు పెద్ద ఆడ సొరలు. ప్రవాహం ఉద్ధృతంగా ఉంటుంది కనుక కొత్తగా డైవింగ్ నేర్చినవారికి తగిన చోటు కాదిది. డైవర్లు రాళ్లను పట్టుకుని కాచుకుంటారు. ముందు నీలిమలో ఒక నీడ కదులుతుంది. దగ్గరకొచ్చాక వెడల్పాటి తల, వీపు పొడవునా గట్లు, బూడిద రంగు చర్మంపై తెల్లని చుక్కలు తేటపడతాయి. ఏ రెండింటి చుక్కలూ ఒకేలా ఉండవు. ఫొటోల్లోని ఆ చుక్కలను పోల్చడానికి శాస్త్రవేత్తలు నక్షత్రాల గుర్తింపు కోసం తయారైన గణన పద్ధతిని వాడుకున్నారు. అందుకే పర్యాటకుడు తీసిన మామూలు ఫొటో కూడా పరిశోధనకు పనికొస్తుంది.

ఆస్ట్రేలియాలోని నింగలూలో మాత్రం ఈ సొరల దగ్గరకు సిలిండర్లతో దిగనివ్వరు, స్నార్కెల్‌తోనే ఈదాలి. ముట్టుకోవడం, ఫ్లాష్ కొట్టడం నిషిద్ధం.

భారత్‌లో 2001 నుంచి ఈ చేపకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. 2022 జనవరిలో విశాఖ సమీపంలోని తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి వదిలారు.