కాజీపేట దారిలో ఇయర్‌ఫోన్ వైరు

దేవాదుల నుంచి ఎత్తిపోసే గోదావరి నీళ్లు చేరే చెరువుగా పేరున్న ధర్మసాగర్ నుంచి హైదరాబాద్ వెళ్లేవారికి రైలు కాజీపేటలో దొరుకుతుంది. అక్కణ్నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. పగటిపూట ఏ బండెక్కినా చెవిలో తెల్లవో నల్లవో వైర్లు పెట్టుకున్న ప్రయాణికులు నేటికీ కనిపిస్తారు. బ్లూటూత్ బడ్స్ ఊరూరా దొరుకుతున్నా వైరు పోలేదు. పాతదాని మీద మోజు ఇందుకు కారణం కాదు. ఈ ప్రాంతంలో చాలాకాలం ఆ వైరు లేనిదే ఫోన్లో రేడియో పలికేది కాదు.

చెవికి తీగ తగిలించడం రేడియో కంటే పాత సంగతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్లు కాల్స్ కలపడానికి గుచ్చే పావు అంగుళం పిన్ను 19వ శతాబ్దంలోనే వచ్చింది. దాని చిన్న తమ్ముడే నేటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ తన ఇంట్లో చేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొన్నది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టిన కాలానికి సామాన్యుడికి అందే సెట్టు క్రిస్టల్ సెట్టు. దానికి కరెంటూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గాలిలోంచి అందిన తరంగపు శక్తితోనే పలకాలి కనుక స్పీకరును మోగించే సత్తా దానికి ఉండేది కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటేనే వినిపించేది.

హైదరాబాద్ సంస్థానంలో 1935లో దక్కన్ రేడియోను నిజాం ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. అప్పటి వాల్వు సెట్లు అల్మరా మీద కూర్చునేవి, వాటిని మోసుకుని ఎవరూ రైలెక్కలేదు. పైగా ప్రతి సెట్టుకూ పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. ఈ లైసెన్సు గొడవ 1980ల దాకా సాగింది.

రేడియో ప్రయాణం కట్టింది ట్రాన్సిస్టర్‌తో. 1954లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 జేబు రేడియో వచ్చింది, 1957లో వివిధ భారతి మొదలైంది. తోలు కవరులో, భుజానికి పట్టీతో వచ్చే ట్రాన్సిస్టర్లలో చాలావాటితో పాటు ఒంటి చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్ కూడా వచ్చేది. మనవాళ్లు దాన్ని పెద్దగా వాడలేదు. క్రికెట్ కామెంటరీ అయినా, సినిమా పాటలైనా పక్కవాళ్లకూ వినిపించడమే అప్పటి మర్యాద. ఆఫీసులో పైఅధికారికి తెలియకుండా స్కోరు వినాల్సినప్పుడే ఆ ఒంటి తీగ పెట్టెలోంచి బయటికి వచ్చేది.

ఒంటరిగా వినడం అనే అలవాటు 1979 జులై 1న జపాన్‌లో మొదలైందనవచ్చు. ఆ రోజు సోనీ వాక్‌మన్ క్యాసెట్ ప్లేయర్ అమ్మకానికి వచ్చింది. అందులో వింత ఏమిటంటే, ఒక్కరే వినడం బాగుండదేమో అన్న మొహమాటంతో మొదటి మోడల్‌కు రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు పెట్టారు. అసలు విజయం మాత్రం టేపుది కాదు, హెడ్‌ఫోన్లది. అంతకుముందు వందల గ్రాములుండే బరువు ఒక్కసారిగా 50 గ్రాముల లోపుకు దిగింది. తెలంగాణ పల్లెల్లోకి వాక్‌మన్ ఎక్కువగా గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవారి పెట్టెల్లో వచ్చింది. అది రెండు పెన్సిల్ సెల్స్ మీద నడిచేది. సెల్స్ అయిపోతాయని క్యాసెట్ చక్రంలో పెన్ను దూర్చి చేత్తో తిప్పి వెనక్కి చుట్టినవారు అప్పట్లో కోకొల్లలు.

వైరుకు అసలు ఉద్యోగం దొరికింది ఎఫ్ఎమ్ ఫోన్ల కాలంలో. బటన్ల ఫోన్లో రేడియో నొక్కగానే ముందు హెడ్‌సెట్ పెట్టమని తెరమీద కనిపించేది. చాలామంది దీన్ని కంపెనీవాళ్ల పితలాటకం అనుకున్నారు. నిజానికి ఫోన్లో ఏరియల్‌కు చోటు లేదు కనుక ఇయర్‌ఫోన్ వైరునే ఏరియల్‌గా వాడుకున్నారు. వరంగల్ ఆకాశవాణి 103.5 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 2.9 మీటర్లు. దానిలో నాలుగో వంతు, అంటే 72 సెంటీమీటర్ల పైచిలుకు తీగ ఉంటే స్టేషన్ బాగా పట్టుకుంటుంది. మామూలు ఇయర్‌ఫోన్ వైరు 1.2 మీటర్లు. వైరును ముద్దగా చుట్టి జేబులో కుక్కితే గరగర, సాగదీసి కిటికీ పక్కన వేలాడేస్తే పాట స్పష్టం. స్పీకరు పెట్టి వినేవారు సైతం వైరు తగిలించే ఉంచేవారు.

అదే రోజుల్లో మొబైల్ షాపుల్లో డబ్బులిచ్చి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడం మొదలైంది. ఆ పాటలు వినడానికి చేతికందిన ఇయర్‌ఫోన్ తగిలిస్తే మరో తిప్పలు వచ్చేవి. మైకు, నేల తీగ (గ్రౌండ్) ఉండే చోట్లు ఓఎమ్‌టీపీ పద్ధతి పిన్నులో ఒకలా, సీటీఐఏ పద్ధతి పిన్నులో ఇంకోలా ఉంటాయి. ఒక పద్ధతి ఇయర్‌ఫోన్‌ను రెండో పద్ధతి ఫోన్లో పెడితే వాయిద్యాలు మోగుతాయి, గాయకుడి గొంతు మాత్రం మాయమవుతుంది. మైకు బటన్ నొక్కిపట్టుకుంటే గొంతు తిరిగొస్తుంది. కారణం తెలియకపోయినా ఆ చిట్కా మాత్రం చాలామందికి తెలుసు.

వైరు మొదట తెగేది పిన్ను మెడ దగ్గరే. ఒక చెవి మూగబోతే వైరును ఒక కోణంలో వంచి, రబ్బరు బ్యాండుతో బిగించి నెలలు నెట్టుకొస్తారు. విప్పి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు, వాటి మధ్య నైలాన్ దారం. పోగులపై రంగు పూత ఉంటుంది. సాధారణంగా ఎరుపు కుడి చెవిది, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ చెవిది, రాగి రంగుది నేల తీగ. ఆ పూతను కాల్చితే కానీ టంకం అంటదు. ఇది తెలియక అతికించి, పనిచేయడం లేదని పారేసిన జతలకు లెక్కలేదు.

బ్లూటూత్‌కు బీజం 1994లో ఎరిక్సన్ కంపెనీలో పడింది. 2016 సెప్టెంబర్‌లో యాపిల్ ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని తీసేశాక తక్కిన కంపెనీలు ఒక్కొక్కటే అదే బాట పట్టాయి. ఇంట్లో బడ్స్ హాయిగానే ఉంటాయి, రైల్లోనే వాటి లోపాలు బయటపడతాయి. ఛార్జింగ్ అయిపోతుంది, చెవిలోంచి జారిపడతాయి. 2020 జులై నుంచి సెప్టెంబర్ దాకా టోక్యోలోని 78 స్టేషన్లలో దాదాపు 950 సార్లు బడ్స్ పట్టాల మీద పడ్డాయని అక్కడి రైల్వే లెక్క తేల్చింది. వాటిని తీయడానికి ప్రత్యేకంగా పీల్చే యంత్రం తయారుచేయించాల్సి వచ్చింది. వైరున్నది జారినా మెడలోనే వేలాడుతుంది.

విమానంలోనూ వైరుదే చాలాకాలం రాజ్యం. మొదట, 1960లలో విమానాల్లో ఇచ్చిన హెడ్‌ఫోన్లు మాత్రం అసలు తీగ లేనివి. డాక్టరు స్టెతస్కోపులా బోలు గొట్టాల గుండా శబ్దం చెవికి చేరేది. ఆ తర్వాత వైరు హెడ్‌ఫోన్లు వచ్చాయి. సీటు ముందు తెరలో సినిమా చూడాలంటే, చాలా విమానాల్లో గల్ఫ్ బయల్దేరిన తెలంగాణ కూలీకైనా, అమెరికా వెళ్లే ఇంజనీరుకైనా నేటికీ వైరే దిక్కు.

2022 జనవరిలో రైల్వే శాఖ ఇయర్‌ఫోన్లు లేకుండా బండ్లలో పాటలు బిగ్గరగా పెట్టవద్దని ఆదేశించింది. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్ఎమ్ రేడియోను నిలిపివేయవద్దని, విపత్తు వేళ అదే ఆధారమని తయారీదారులకు సూచించింది. ఆ సూచన అక్కరకు రావాలంటే చాలా ఫోన్లకు వైరు కూడా కావాలి. అదే ఏడాది 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ ఫోన్లో ఎఫ్ఎమ్ రేడియో, 3.5 మిల్లీమీటర్ల రంధ్రం రెండూ ఉన్నాయి. మరోవైపు, వైర్‌లెస్ బడ్స్‌కు తెలంగాణే ఇప్పుడు ఒక పుట్టిల్లు. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, 2025లో అక్కడ ఎగుమతికి యాపిల్ ఎయిర్‌పాడ్ల తయారీ మొదలైంది.