ఇన్వెన్షన్‌ని ఏమనాలి?

పెద్దయ్యాక పియానో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది, చిన్న చిన్న మినియెట్లు దాటాక వచ్చి ఆగేది బాఖ్ ఇన్వెన్షన్ల దగ్గర. రెండు గొంతుల రచనలు, అంటే ఒక్కో చేతికీ ఒక్కో వరస; మొత్తం 15. పేరు వినగానే మన పత్రికల తెలుగు 'ఆవిష్కరణ' అనేస్తుంది. అది ఇక్కడ పనికిరాదు. ఆవిష్కరణ అంటే తెర తీయడం. పుస్తకానికో విగ్రహానికో సరిపోతుంది.

లాటిన్‌లో 'వెనీరె' అంటే రావడం. 'ఇన్వెనీరె' అంటే ఒకదాని మీదికి వచ్చి పడటం, అంటే తారసపడటం, దొరకడం. రోమన్ల వక్తృత్వశాస్త్రంలో ప్రసంగానికి మొదటి పని ఇదే: ఏం చెప్పాలో వెతికి పట్టుకోవడం. అమర్చడం, భాష తొడగడం, గుర్తుపెట్టుకోవడం, పలకడం ఆ తర్వాత. లాటిన్ బడుల్లో చదివిన బాఖ్‌కి ఇది తెలియనిది కాదు. అయినా మొదటే ఈ పేరు పెట్టలేదు. 1720లో కేతెన్‌లో, తొమ్మిదేళ్ల పెద్దకొడుకు ఫ్రీడెమాన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలో ఇవి 'ప్రెయాంబులుమ్'లు, అంటే ప్రవేశికలు. 1723 నాటి ప్రతిలో ఇన్వెన్షన్లయ్యాయి. ఆ ప్రతి మొదటి పుటలో ఇవి ఎవరికోసమో కూడా చెప్పాడు: వాద్యమంటే ఇష్టపడేవాళ్లకి, ముఖ్యంగా నేర్చుకోవాలని తపించేవాళ్లకి. రెండు గొంతుల్ని శుభ్రంగా వాయించాలి, మంచి ఊహలు పట్టుకుని పెంచాలి, అన్నిటికీ మించి పాడినట్టు వాయించాలి. వయసు మాట ఎక్కడా లేదు.

నా ఓటు 'కనిపెట్టడా'నికి. కొత్తది కనుక్కోవడమే కాదు, ఓ కంట చూసుకోవడం కూడా ఈ మాటలో ఉంది. పొయ్యి మీద పాలు కనిపెట్టుకుని ఉండమంటాం కదా. లాటిన్ మాటలో ఈ రెండో అర్థం లేదు. వాయించేవాళ్లకి కావలసింది మాత్రం అదే.

మొదటి ఇన్వెన్షన్ చూడండి. 'సి'ని షడ్జమం అనుకుంటే, చిటికెడు విరామం తర్వాత కుడిచేయి స రి గ మ రి గ స అంటుంది. అది ముగిసిందో లేదో ఎడమచేయి అదే ఎత్తుగడని ఒక స్థాయి కింద అందుకుంటుంది. అప్పటికి కుడిచేయి సగం వేగంతో ప, పై స, ని, పై స అని నడుస్తుంటుంది. ఆ 'ని' మీద మోర్డెంట్ అనే చిన్న విరుపు ఉంది. సరిగ్గా అక్కడే ఎడమచేయి 'మ' నుంచి 'రి'కి వెనక్కి దూకాలి. కొత్తవాళ్ల చెవి విరుపు దగ్గరే ఉండిపోతుంది. కింద వేలు తడబడినా తెలియదు. ఎన్నాళ్లు వాయించినా అంతే. కుడిచేతి వరస గొంతుతో పాడుతూ ఎడమచేయి ఒక్కటే వాయిస్తే చెవి దారికొస్తుంది. గొంతు బాగోకపోయినా ఫరవాలేదు, ఇరుగుపొరుగు సర్దుకుంటారు.

తప్పు కప్పెట్టడానికి, వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూనే ఉంచే సస్టెయిన్ పెడల్ తొక్కితే రెండు గొంతులూ ముద్దైపోతాయి. బాఖ్ వాయించిన హార్ప్సికార్డ్‌కీ క్లావికార్డ్‌కీ ఆ పెడలే లేదు.

ఇంతా చేసి ఈ రచనలకి 'కనిపెట్టుళ్లు' అని పేరు పెట్టమనను, వినడానికి బాగోదు. ఇన్వెన్షన్ అనే ఉంచండి. వాయించేటప్పుడు మాత్రం పెడల్ మీంచి కాలు తీసి, ఎడమచేతిని కనిపెట్టుకుని ఉండండి.